తలుపు వేయగానే మొదలయ్యే మొరుగుడు

హైదరాబాద్‌లో నిజాంపేట వైపు ఉండే ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. వాళ్ళింట్లో ఆరేళ్ళ ఆడకుక్క ఉంది, పేరు జూలీ. చూసినవాళ్ళంతా పామేరియన్ అంటారు కానీ మన ఇళ్ళలో ఆ పేరుతో తిరిగే చాలా కుక్కల్లాగే అదీ ఇండియన్ స్పిట్జే. ఇన్నేళ్ళూ నెమ్మదిగా ఉండేది. భార్యాభర్తలిద్దరూ ఆఫీసుకి, పాప స్కూలుకి వెళ్ళినా పగలంతా అత్తగారు ఇంట్లో ఉండేవారు. దసరా తర్వాత ఆవిడ ఊళ్ళో ఇల్లు బాగు చేయించుకోవడానికి వెళ్ళి అక్కడే ఉండిపోయారు. ఆ వారమే పై ఫ్లాట్‌లో టైల్స్ పగలగొట్టే పని మొదలైంది. ఆ వెనకే దీపావళి.

ఇప్పుడు వీళ్ళు తలుపు వేసి లిఫ్ట్ ఎక్కేలోపే జూలీ మొదలుపెడుతోంది. వాచ్‌మన్ లెక్కలో మధ్యాహ్నం దాకా ఆగి ఆగి మొరుగుతూనే ఉంటుందట. తలుపు లోపలివైపు అడుగున చెక్కంతా గీరేసింది. పెట్టి వెళ్ళిన పెరుగన్నం అలాగే ఉంటుంది, వీళ్ళు రాగానే గబగబా తినేస్తుంది. రాత్రిళ్ళు వంటింటి గుమ్మంలో నిలబడి మొరిగి, వణుకుతూ మంచం కిందికి దూరుతుంది. పాప పాత టెడ్డీ బొమ్మని అక్కడికే లాక్కెళ్ళి ఎవర్నీ దగ్గరికి రానివ్వదు. శ్రావణంలో హీట్‌కి (ఎదకి) వచ్చిందనీ, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించలేదనీ ఒకచోట రాశారు. ఎలుకల మందు పెడితే ఎక్కడ తింటుందోనని, వాటిని తరిమే ప్లగ్ మిషన్ తెచ్చి వంటింట్లో పెట్టామని ఇంకోచోట రాశారు.

కింది ఫ్లాట్‌లో చంటిబిడ్డ ఉంది. అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో రోజూ గొడవ. పదిహేను రోజుల్లో కుక్కను పంపించేయమని సెక్రటరీ కాగితం ఇచ్చారు. మొరిగితే షాక్ కొట్టే కాలర్ భర్త తెప్పించారు, ఇంకా కట్టలేదు. అమ్మ నిద్రమాత్ర వేయమంటున్నారు, తమ్ముడు తోడుకి ఇంకో కుక్కని తెచ్చుకోమంటున్నాడు, అత్తగారు నా దగ్గరికి పంపేయండి అంటున్నారు. ‘వీటిలో ఏది చేయమంటారు?’ అన్నది వారి ప్రశ్న.

మీ ఉత్తరంలో మొరుగుడు ఒకటే కాదు, కనీసం రెండున్నాయి. పగలు తలుపు దగ్గరది వేరు, రాత్రి వంటింటి గుమ్మంలోది వేరు. మంచం కింద బొమ్మ గొడవ మూడోది. అన్నిటికీ కలిపి ఒకే మందు వెతకడం వల్లే ఇంట్లో నలుగురూ నాలుగు సలహాలు చెబుతున్నారు. కాబట్టి మీరడిగిన దానికంటే ముందు వీటిని విడదీద్దాం.

అన్నిటికంటే తేలికైన పనితో మొదలుపెట్టండి. వంటింట్లో ఆ ఎలుకల మిషన్‌ని ఈ రాత్రే ప్లగ్‌లోంచి తీసేయండి. మన చెవికి 20 కిలోహెర్ట్జ్ దాటితే వినపడదు, కుక్కకి సుమారు 45 దాకా వినపడుతుంది. ఆ మిషన్లు చేసే శబ్దంలో చాలా భాగం ఈ మధ్యలోనే ఉంటుంది. మనకి నిశ్శబ్దంగా ఉన్న వంటిల్లు దానికి రాత్రంతా కీచుమంటూ ఉండొచ్చు. వారం పాటు తీసి ఉంచి రాత్రి మొరుగుడు తగ్గిందేమో చూడండి. ఎలుకలకి పాతకాలపు బోనే మంచిది, ఆ మిషన్‌కి అవి కొన్నాళ్ళకి అలవాటు పడిపోతాయి. మందు పెట్టకపోవడం మాత్రం మంచి పని చేశారు. మిషన్ తీసినా మార్పు లేకపోతే ఇంట్లో కీచుమనే మిగతావి వెతకండి: బ్యాటరీ అయిపోతున్న ఇన్వర్టర్, వాటర్ ఫిల్టర్ అలారం, సీలింగ్‌కి ఉండే పొగ అలారం. నిమిషానికోసారి ‘కీక్’ మనే చిన్న శబ్దానికి, పెద్ద బాంబు మోతకి బెదిరినంతగా బెదిరిపోయే కుక్కలున్నాయి.

రెండోది ఆ బొమ్మ. ఆపరేషన్ కాని ఆడకుక్కల్లో హీట్ అయిపోయిన ఆరు నుంచి తొమ్మిది వారాలకి, కడుపు లేకపోయినా ఉన్నట్టు ఒళ్ళు మారిపోవడం మామూలే. డాక్టర్లు ఫాల్స్ ప్రెగ్నెన్సీ అంటారు. మూల వెతుక్కోవడం, పరుపు గోకడం, బొమ్మనో చెప్పునో పిల్లలా కాపలా కాయడం, చిరాకు, మూలుగు అన్నీ అందులోవే. శ్రావణం నుంచి లెక్కేస్తే దసరా, దీపావళి రోజులు సరిగ్గా అక్కడికే వస్తాయి. పొట్ట కింద రొమ్ములు ఉబ్బాయేమో చూడండి. ఉబ్బితే పిండి చూడొద్దు, నిమరొద్దు, కాపడం పెట్టొద్దు. తాకేకొద్దీ పాలు ఇంకా వస్తాయి. చాలావాటికి రెండు మూడు వారాల్లో దానంతటదే తగ్గుతుంది. బొమ్మని లాక్కోవద్దు, కరిచే అవకాశం ఉంది. అది వాకింగ్‌కి వెళ్ళినప్పుడు తీసి కనపడకుండా పెట్టండి. ఇదే అయితే ఆపరేషన్ ఇప్పుడే చేయించకండి. ఈ దశలో చేస్తే ఆ లక్షణాలు నెలల తరబడి ఉండిపోవచ్చు. పూర్తిగా తగ్గాక చేయించండి.

అయితే ఇదే రోజుల్లో గర్భసంచిలో చీము పట్టే ప్రమాదం కూడా ఉంది. నీళ్ళు విపరీతంగా తాగుతున్నా, తిండి మానేసినా, వాంతులు, వెనక నుంచి చీము, పొట్ట ఉబ్బరం వీటిలో ఏది కనిపించినా అది ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాల్సిన విషయం.

ఎలాగూ ఈ వారంలో ఒకసారి డాక్టర్ దగ్గరికి వెళ్ళక తప్పదు. ఆరేళ్ళు నెమ్మదిగా ఉన్న కుక్క నెలలో మారిపోయిందంటే ముందు ఒంట్లో నొప్పి లేదని తేల్చుకోవాలి. చెవి లోపల చీము, పన్ను నొప్పి, ఈ జాతి చిన్న కుక్కల్లో తరచుగా జారిపోయే మోకాలి చిప్ప, మూత్రంలో ఇన్ఫెక్షన్, పిడుదుల వల్ల వచ్చే, మన దగ్గర ఏడాది పొడవునా ఉండే టిక్ ఫీవర్, ఇవన్నీ కుక్కని బెదురుగొడ్డుని చేస్తాయి. ఒళ్ళు నొప్పులున్న కుక్కకి శబ్దం వినగానే కండరాలు బిగుసుకుంటాయి, నొప్పి పెరుగుతుంది, ఆ శబ్దమే నొప్పి తెచ్చిందని అది గుర్తుపెట్టుకుంటుంది. చెవులు లోపలిదాకా చూడమని, రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు, బ్లడ్ స్మియర్ (రక్తం చుక్కని మైక్రోస్కోప్ కింద చూసే పరీక్ష) చూడమని అడగండి. గర్భసంచికి స్కానింగ్ అవసరమో కాదో వారే చెబుతారు. మీకు దూరమైనా రాజేంద్రనగర్‌లో పశువైద్య విశ్వవిద్యాలయం ఆసుపత్రి ఉంది, ఇవన్నీ ఒకేచోట అవుతాయి.

వెళ్ళేముందు వ్యాక్సిన్ కార్డు తీసి చూడండి. రేబిస్ టీకా గడువు దాటిపోయి, ఈ మధ్య వీధికుక్కలతో గొడవ ఏదైనా జరిగి ఉంటే ఆ మాట ఫోన్‌లోనే చెప్పండి. గొంతు మారి బొంగురుగా మొరగడం, చొంగ కారడం, మింగలేకపోవడం, వెనక కాళ్ళు తడబడటం కనిపిస్తే మాత్రం నోట్లో చేయి పెట్టి చూసే పని ఎవరూ చేయొద్దు. గదిలో వేసి డాక్టర్‌కి ఫోన్ చేయండి. మీ జూలీ నెల రోజులుగా ఇలాగే ఉండి, తింటోంది కాబట్టి రేబిస్ అయ్యే అవకాశం బాగా తక్కువ. కానీ మన దేశంలో కుక్క ఉన్నట్టుండి మారిందంటే ఆ ప్రశ్న వేసుకోకుండా ముందుకెళ్ళకూడదు.

ఇక పగటి మొరుగుడు. వాచ్‌మన్ చెవులతో కాదు, మీ కళ్ళతో చూడాలి. పాత ఫోన్ ఒకటి చార్జర్‌కి పెట్టి, తలుపు కనిపించేలా షెల్ఫ్ మీద ఆనించి, వీడియో ఆన్ చేసి గంట సేపు బయటికెళ్ళండి. మొదటి అరగంటలోనే మీకు కావలసిందంతా దొరుకుతుంది. లిఫ్ట్ తలుపు చప్పుడైనప్పుడో, కొరియర్ కుర్రాడు వచ్చినప్పుడో పది సెకన్లు మొరిగి, వెళ్ళి పడుకుంటే అది కాపలా మొరుగుడు. పైన డ్రిల్లింగ్ మొదలైనప్పుడే మంచం కిందికి పరిగెడితే అది శబ్ద భయం. ఏ చప్పుడూ లేకపోయినా తలుపు దగ్గరే అటూ ఇటూ తిరుగుతూ, వేడి లేకపోయినా రొప్పుతూ, చొంగ కారుస్తూ, మధ్యమధ్య తలెత్తి ఊళ పెడుతూ ఉంటే అది ఒంటరిగా ఉండలేని భయం. గీరిన తలుపు, ముట్టని పెరుగన్నం చూస్తే నాకు ఈ మూడోదే ఎక్కువ అనిపిస్తోంది. ఆకలి ఉండీ అంత ఇష్టమైనది తినలేకపోతోందంటే అది అల్లరి కాదు, కంగారు.

దానివైపు నుంచి చూడండి. ఆరేళ్ళలో అది ఒంటరిగా ఉన్నదే లేదు. మీరు వెళ్ళినా నానమ్మ ఉండేవారు. ఆవిడ ఊరెళ్ళి ఇల్లు ఖాళీ అయిన వారమే నెత్తిమీద సుత్తి దెబ్బలు మొదలయ్యాయి, గోరుచుట్టు మీద రోకటిపోటులా. ఖాళీ ఇల్లు, ఆ మోత రెండూ దాని బుర్రలో కలిసిపోయాయి. ఇప్పుడు మోత లేకపోయినా ఖాళీ ఇల్లు చాలు.

దీనికి పని చేసే పద్ధతి ఒక్కటే ఉంది, అది నిదానంగా ఉంటుంది. భయం మొదలయ్యేలోపే తిరిగి రావడం, ఆ వ్యవధిని కొంచెం కొంచెం పెంచడం. వీడియోలో మొదటి కంగారు ఎన్ని సెకన్లకి కనిపించిందో చూడండి. మొరుగుడు కాదు, అంతకుముందు చెవులు వెనక్కి పోవడం, పెదాలు నాక్కోవడం, తలుపుకి ముక్కు ఆనించడం చూడాలి. అది ఇరవయ్యో సెకనులో అయితే మీరు పదితో మొదలుపెట్టాలి. తలుపు తీసి, బయటికెళ్ళి, వేసి, పది లెక్కపెట్టి లోపలికి రండి. హడావుడి లేకుండా కూర్చోండి. అది మళ్ళీ పడుకున్నాక ఇంకోసారి. పది, ఐదు, పన్నెండు, మూడు, పదిహేను ఇలా పెంచుతూ దించుతూ ఉండాలి. ప్రతిసారీ పెంచుకుంటూ పోతే ‘ఈసారి ఇంకా ఎక్కువ’ అని అది కనిపెట్టేస్తుంది. మొదట్లో ఒక విడత సాధన పావుగంటకి మించొద్దు, రోజుకి ఒకటి రెండు సార్లు చాలు, వారంలో ఒక రోజు సెలవు. మొదటి అరగంట దాకా వెళ్ళడానికే వారాలు పడుతుంది. అక్కడి నుంచి పది పదిహేను నిమిషాల చొప్పున పెంచినా తట్టుకుంటుంది.

తాళాలు, హెల్మెట్, లాప్‌టాప్ బ్యాగు చూడగానే దాని గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. అందుకని వాటి విలువ పోగొట్టాలి. తాళాలు తీసుకుని టీవీ ముందు కూర్చోండి. హెల్మెట్ పెట్టుకుని పప్పుకి తాలింపు వేయండి, పాప నవ్వుతుంది కానీ పనికొస్తుంది.

ఇది ఎక్కడ చెడిపోతుందంటే, పొద్దున పదిహేను సెకన్లు సాధన చేసి తొమ్మిదిన్నరకి ఎనిమిది గంటలు వదిలి వెళ్ళిపోతారు. పొద్దున కట్టిన గోడ మధ్యాహ్నానికి పడిపోతుంది. అంటే ఈ ఆరు, ఎనిమిది వారాలు దాన్ని ఒంటరిగా వదలకుండా ఏదో ఒక ఏర్పాటు కావాలి. అసలు ఖర్చు, అసలు కష్టం ఇక్కడే. ఇద్దరిలో ఒకరికి వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పని దొరికితే అడగండి. పనమ్మాయి గానీ మేడ మీద ఇంట్లో పెద్దావిడ గానీ పగలు మీ ఇంట్లో కూర్చోగలరేమో చూడండి, దానికి మీరే కావాలని లేదు, మనిషి ఉంటే చాలు. అన్ని రోజులూ కుదరకపోతే డాగ్ డేకేర్ ఉంది. కట్టే ముందు ఒక పూట వదిలి అక్కడ ఎలా ఉందో చూడండి. తోటి కుక్కలంటే బెదిరేదాన్ని అక్కడ పడేస్తే ఇంకో భయం తోడవుతుంది. పాప సెలవు రోజులు కూడా లెక్కలో వేసుకోండి.

తిండి ఆశ పెట్టి వెళ్ళడం మీద ఎక్కువ నమ్మకం పెట్టుకోకండి. రబ్బరు బొమ్మలో పెరుగన్నం కుక్కి ఫ్రీజర్‌లో గడ్డకట్టించి ఇస్తే నాక్కుంటూ సర్దుకునే కుక్కలున్నాయి. కానీ జూలీ లాంటివి ముట్టనే ముట్టవు. లేదా అది అయిపోయిన క్షణం నుంచి మొరగడం మొదలుపెడతాయి. మీరు ఇంట్లో ఉన్నప్పుడు ఇవ్వండి, సాధనలో మాత్రం వద్దు. పొద్దున అరగంట తీరిగ్గా వాసనలు చూసుకుంటూ నడవనివ్వడం మంచిదే. ‘బాగా అలిసిపోతే పడుకుంటుంది’ అనేది మాత్రం భయానికి వర్తించదు.

పైన టైల్స్ పనికి వాళ్ళతో మాట్లాడి, ఏ రోజు ఏ వేళ కొడతారో ముందే తెలుసుకోండి. ఆ వేళకి లోపలి పడకగదిలో తలుపు తెరిచే ఉంచి, కర్టెన్లు వేసి, ఫ్యాన్ పెద్దగా పెట్టి, ఉడికించిన కోడి ముక్కలు శనగగింజంత చేసి ప్రతి దెబ్బ తర్వాతా ఒకటి వేయండి. మసాలా, ఉల్లిపాయ తగలకూడదు. భయపడ్డప్పుడు దగ్గరికి తీసుకుంటే భయం అలవాటవుతుందని ఎవరైనా అంటే వినకండి. మంచం కింద నుంచి లాగొద్దు, వస్తే మాత్రం పక్కన కూర్చోబెట్టుకోండి.

ఇప్పుడు మీ ఇంటివాళ్ళు చెప్పినవి. షాక్ కాలర్ కడితే మొరుగుడు ఆగొచ్చు, ఆ మాట నిజమే. భయం ఆగదు, ఇంకా పెరుగుతుంది. తలుపు పడగానే మెడ మీద దెబ్బ తగిలితే ఒంటరితనానికి నొప్పి కూడా జత అవుతుంది. నోరు మూసుకుని తలుపు గీరడం, గోళ్ళు ఊడేదాకా తవ్వడం, లోపల ఉచ్చ పోయడం వైపు మళ్ళుతుంది. పక్కింట్లో ఇంకో కుక్క మొరిగినా వీటిలో కొన్ని షాక్ ఇచ్చేస్తాయి. వాపసు తీసుకుంటారేమో చూడండి. బోనులో పెట్టి వెళ్ళడం కూడా ఈ దశలో వద్దు, కమ్మీలు కొరికి పళ్ళు విరగ్గొట్టుకుంటుంది.

మాత్ర విషయంలో అమ్మగారి మాట పూర్తిగా తప్పు కాదు, కానీ నిద్రమాత్ర కాదు. మత్తు వచ్చి కదలలేకపోయినా లోపల భయం అలాగే ఉండే మందులున్నాయి. పాత రోజుల్లో టపాసులకి ఇచ్చే ఏసిప్రొమజిన్ ఒక్కటే వేస్తే జరిగేది అదే. భయాన్నే తగ్గించే ఫ్లుయాక్సెటిన్, క్లోమిప్రమిన్ లాంటివి డాక్టర్ బరువు చూసి రాస్తారు. ఇవి పూర్తిగా పనిచేయడానికి నెల, నెలన్నర పడుతుంది, మొదట్లో ఆకలి తగ్గొచ్చు, మధ్యలో ఉన్నట్టుండి ఆపకూడదు. కంగారు ఇంత ఉన్నప్పుడు ఒట్టి సాధనకంటే మందుతో కలిపిన సాధనే త్వరగా దారికి వస్తుంది. ‘కుక్కకి మానసిక మందులా’ అని మొహమాటపడకుండా అడగండి. పిడుదులకి అమిట్రాజ్ ద్రావణంతో ఒళ్ళు కడుగుతూ ఉంటే ఆ సంగతి తప్పక చెప్పండి, ఈ మందులతో అది కలిస్తే ప్రమాదం. టపాసులు మోగే డిసెంబర్ 31 రాత్రికి విడిగా ఒక మాత్ర రాయించుకుని, ఏదైనా నిశ్శబ్దంగా ఉన్న రోజు ఒకసారి వేసి ఎలా ఉందో ముందే చూసుకోండి. మన మందుల డబ్బాలోంచి మాత్రం ఏదీ వేయొద్దు. పారాసెటమాల్, ఐబుప్రోఫెన్ కుక్కకి విషం. మనకిచ్చే కొన్ని సిరప్‌లలో తీపి కోసం కలిపే జైలిటాల్ కూడా అంతే.

తమ్ముడు చెప్పిన రెండో కుక్క జూదం. జూలీకి కావలసింది మనిషి తోడు. రెండోది కూడా దీన్ని చూసి మొరగడం నేర్చుకుంటే కింది ఫ్లాట్ వాళ్ళకి మీరేం చెబుతారు?

అత్తగారి మాట దగ్గర నేను కాస్త ఆగుతాను. దాన్ని ఓటమిలా చూడకండి. జూలీ ఎవరి కోసం వెతుకుతోందో ఆవిడే రమ్మంటున్నారు. నెలన్నర అక్కడ ఉంటే మీకు అసోసియేషన్ ఒత్తిడి తగ్గుతుంది, పై ఫ్లాట్ పని అయిపోతుంది, ఒంట్లో బాగోలేనిది ఏదైనా ఉంటే మానుతుంది. అయితే తిరిగి రాగానే ఖాళీ ఇల్లు అలాగే ఉంటుంది, సాధన మొదటి సెకను నుంచే మొదలుపెట్టాలి. పంపేముందు ఇల్లు బాగు చేసే పని అక్కడ కూడా నడుస్తోందేమో కనుక్కోండి. ఒక సుత్తి నుంచి ఇంకో సుత్తి దగ్గరికి పంపడంలో అర్థం లేదు. గేటు సరిగ్గా పడుతుందా, ఆవిడ గొలుసు పట్టుకుని తిప్పగలరా, ఊళ్ళో కుక్కలు లోపలికొస్తాయా చూడాలి. రేబిస్ టీకా, పిడుదుల మందు వేయించి పంపండి. శాశ్వతంగా అక్కడే ఉంచేద్దామన్నా, ఆవిడకి నిజంగా ఇష్టమైతే, అది జూలీకి చెడ్డ జీవితం కాదు. పాపతో ముందే మాట్లాడండి. ‘ఊరి బయట వదిలేసి వద్దాం’ అని మాత్రం ఎవరైనా అంటే, పెంపుడు జంతువుని వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ కింద నేరమని చెప్పండి.

సెక్రటరీ ఇచ్చిన కాగితం సంగతి. పెంపుడు కుక్కని ఉంచకూడదని, లిఫ్ట్ ఎక్కించకూడదని తీర్మానం చేసే అధికారం అసోసియేషన్‌కి లేదని భారత జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. మెజారిటీ ఓటు వేసినా అంతే. అవే మార్గదర్శకాల్లో, ఇరుగుపొరుగుకి ఇబ్బంది లేకుండా, ముఖ్యంగా రాత్రివేళ, మొరుగుడు అదుపులో పెట్టుకోవాలని యజమానులకీ చెప్పారు. కాబట్టి కాగితానికి కాగితంతో జవాబిచ్చి గొడవ పెంచుకోకుండా ముందు కింది ఫ్లాట్ తలుపు తట్టండి. చంటిబిడ్డ పగలు ఏ వేళ పడుకుంటుందో అడగండి, ఆ రెండు గంటలైనా ఇంట్లో మనిషి ఉండేలా చూసుకోవచ్చు. ఆ తర్వాత సెక్రటరీకి నాలుగు వాక్యాలు రాసివ్వండి: ఫలానా తేదీన డాక్టర్‌కి చూపించాం, ఫలానా రోజుల్లో పగలు ఇంట్లో మనిషి ఉంటారు, రాత్రి మొరుగుడుకి కారణం అనుకున్న మిషన్ తీసేశాం, ఎనిమిది వారాల గడువు కావాలి. నోటీసుకి సంబంధించిన చట్టం మాట ఆ కాగితంలో ఎత్తకండి, వాళ్ళు ఒప్పుకోనప్పుడు తీయడానికి దాచుకోండి.